అడిగిన పొరలు, వచ్చిన పొరలు: బౌండరీ లేయర్ మెష్‌తో నా అనుభవం

గాలి ప్రవాహాల్లాంటి వాటిని కంప్యూటర్‌లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్. అందులో ఒక ఆకారం చుట్టూ ఉన్న చోటును సెల్స్ అనే చిన్న గళ్లుగా, అంటే మెష్‌గా, విడగొట్టే పనిముట్టు స్నాపీహెక్స్‌మెష్. అది తన పని ముగించేటప్పుడు లాగ్ ఫైలు చివర ఒక చిన్న పట్టిక రాసిపెడుతుంది. ఏ ఉపరితలం మీద ఎన్ని ఫేసులు (సెల్స్ ముఖాలు) ఉన్నాయి, దాని మీద పలుచని సెల్స్ పొరలు సగటున ఎన్ని పడ్డాయి, వాటి మొత్తం మందం ఎంత, మనం అడిగిన మందంలో అది ఎంత శాతం అన్న వివరాలు అందులో ఉంటాయి. నేను చేసిన మొట్టమొదటి మెష్‌కు ఆ పట్టికలో పొరల సంఖ్య సున్నా. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. ఎందుకంటే పట్టిక వంక చూడకుండానే నేను సాల్వర్‌ను, అంటే ప్రవాహాన్ని లెక్కకట్టే ప్రోగ్రామ్‌ను, నడిపాను, సాల్వర్ ఏ పేచీ పెట్టకుండా కన్వర్జ్ అయింది (నిలకడైన జవాబుకు చేరింది), పైగా గోడ (ఆకారం ఉపరితలం) దగ్గర వై ప్లస్ విలువలు, అంటే మొదటి సెల్ కేంద్రం గోడకు ఎంత దూరమో చెప్పే యూనిట్లు లేని అంకెలు, వాల్ ఫంక్షన్‌కు (గోడ పక్కన వేగాన్ని సూత్రంతో అంచనా వేసే పద్ధతికి) తగినవని అందరూ చెప్పే 30 నుంచి 300 హద్దుల్లోనే ఉన్నాయి. పొరలే లేని మెష్ పొరల పరీక్షలో ఎలా నెగ్గిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను ఎంచుకున్న ఆకారం అహ్మద్ బాడీ. 1984లో ఎస్.ఆర్. అహ్మద్, ఆయన సహచరులు ప్రచురించిన ఈ నమూనా కారును బాగా సరళం చేస్తే మిగిలే ఇటుక లాంటి రూపం. పొడవు 1044 మి.మీ., వెడల్పు 389 మి.మీ., ఎత్తు 288 మి.మీ. ముందు అంచులు 100 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటాయి, వెనుక పైభాగం ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది, మొత్తం శరీరం నేలకు 50 మి.మీ. ఎత్తున నాలుగు స్తూపాకారపు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. నేను 25 డిగ్రీల వాలు ఉన్న రూపాన్ని, సెకనుకు 40 మీటర్ల గాలి వేగాన్ని తీసుకున్నాను. చూడటానికి ఇంత అమాయకంగా ఉన్న ఆకారం మెష్ చేసేవాడిని ఎన్ని తిప్పలు పెట్టగలదో అప్పటికి నాకు తెలియదు.

గోడకు ఆనుకుని ఉన్న పలుచని ప్రాంతంలోనే స్నిగ్ధత (గాలి జిగట) ప్రభావమంతా దాదాపుగా ఇమిడి ఉంటుందని 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణిత మహాసభలో లుడ్విగ్ ప్రాంటల్ ప్రతిపాదించాడు. గోడ మీద సున్నాగా ఉన్న వేగం ఆ కొద్ది మందంలోనే బయటి ప్రవాహ వేగాన్ని అందుకుంటుంది కాబట్టి, గోడకు లంబంగా మార్పు చాలా నిటారుగా ఉంటుంది, గోడ వెంబడి మాత్రం నెమ్మదిగా ఉంటుంది. అందుకే అక్కడ ఘనాకారపు సెల్స్ వాడటం దండగ. పేర్చిన పలకల్లాగా, గోడ పక్కన అతి పలుచగా మొదలై పైకి పోయేకొద్దీ మందమయ్యే పొరలు కావాలి. ఈ వ్యాసంలో బౌండరీ లేయర్ అన్నప్పుడు గాలిలోని భౌతికమైన పొరను, ఒట్టి పొర అన్నప్పుడు మెష్‌లోని సెల్స్ వరుసను ఉద్దేశిస్తున్నాను. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం నా మొదటి తప్పులకు సగం కారణం.

లెక్క కాగితం మీద సులువుగానే సాగింది. గాలి కైనమాటిక్ స్నిగ్ధతను 0.000015 చదరపు మీటర్లు ప్రతి సెకనుగా తీసుకుంటే, శరీరం పొడవు ఆధారంగా రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ స్నిగ్ధతకూ ఉన్న నిష్పత్తి) సుమారు 27.8 లక్షలు. చదును పలకకు వాడే అంచనా ప్రకారం, రేనాల్డ్స్ సంఖ్య 0.2 ఘాతంతో 0.058ని భాగిస్తే ఘర్షణ గుణకం దాదాపు 0.003 వస్తుంది. దాని నుంచి గోడ మీది కోత ప్రతిబలం 2.9 పాస్కల్స్‌కు కాస్త తక్కువగానూ, ఘర్షణ వేగం (ఆ ప్రతిబలాన్నే వేగం రూపంలో చెప్పే కొలత) సెకనుకు 1.55 మీటర్లుగానూ తేలాయి. అంటే వై ప్లస్ విలువ 1 కావాలంటే గోడ నుంచి దూరం 0.01 మి.మీ. మాత్రమే, 50 కావాలంటే అర మి.మీ. ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా జారిపడే చోటు ఒకటి ఉంది. ఓపెన్‌ఫోమ్ విలువలను సెల్ కేంద్రంలో దాచుకుంటుంది కాబట్టి, ఆ అర మి.మీ. దూరం కేంద్రానికి చెందినది. సెల్ మందం దానికి రెట్టింపు, అంటే 1 మి.మీ. ఉండాలి. శరీరం తోక దగ్గర బౌండరీ లేయర్ మందం అదే తరహా అంచనాలో సుమారు 20 మి.మీ. మొదటి పొర 1 మి.మీ., ప్రతి పొర దాని కింది పొరకు 1.2 రెట్లు అనుకుంటే, తొమ్మిది పొరలకు మొత్తం 20.8 మి.మీ. అవుతుంది, తొమ్మిదో పొర 4.3 మి.మీ. మందంతో ముగుస్తుంది. దాని పైన ఉండే మామూలు సెల్ 5 మి.మీ. అయితే అతుకు కనిపించనంత సాఫీగా కలుస్తుంది. 80 మి.మీ. నేపథ్య సెల్స్‌ను నాలుగుసార్లు సగం చేస్తే సరిగ్గా 5 మి.మీ. వస్తుంది కూడా. ఇన్ని అంకెలు ఇంత ముచ్చటగా కుదరడం చూసి, మెష్ పని అయిపోయినట్టేనని నేను అనుకున్నాను.

సెట్టింగుల ఫైలును ఒక ట్యుటోరియల్ నుంచి తెచ్చుకుని మార్చుకున్నాను. అందులో రిలేటివ్‌సైజెస్ అనే మీట ‘ట్రూ’ అని ఉంది, నేను దాన్ని ముట్టుకోలేదు. మొదటి పొర మందం దగ్గర మాత్రం మీటర్లనుకుని 0.001 అని రాశాను. ఆ మీట ‘ట్రూ’గా ఉన్నంతకాలం మనం ఇచ్చే ప్రతి మందమూ పక్కనున్న సెల్ పరిమాణంతో పోల్చిన నిష్పత్తి మాత్రమే. కాబట్టి నేను కోరినది 1 మి.మీ. కాదు, 5 మి.మీ.లో వెయ్యో వంతు, అంటే 0.005 మి.మీ. తొమ్మిది పొరలూ కలిపినా సుమారు 0.1 మి.మీ. మాత్రమే. అదే ఫైలులో కనీస మందం 0.1 అని ఉంది, అంటే సెల్ పరిమాణంలో పదో వంతు, 0.5 మి.మీ. మొత్తం మందం ఆ కనీసానికి చేరకపోతే అక్కడ పొరలే వేయవద్దని దాని అర్థం. ప్రోగ్రామ్ నేను చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించి ఎక్కడా ఒక్క పొర కూడా వేయలేదు.

తప్పు తెలిశాక ఆ మీటను ‘ఫాల్స్’ చేసి మళ్లీ నడిపాను. ఈసారి కూడా పట్టికలో సున్నానే వచ్చింది. కారణం కనిపెట్టాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీట మార్చడంతో మొదటి పొర మందం మీటర్లలోకి మారింది, దాంతోపాటు కనీస మందం 0.1 కూడా మీటర్లలోకే మారింది. 100 మి.మీ.కు తగ్గితే పొరలు వద్దని నేనే చెబుతున్నానన్నమాట. దాన్ని 0.002కి, అంటే 2 మి.మీ.కి దించాక మొదటిసారి పొరలు పడ్డాయి.

ఇక సున్నా పొరల మెష్ వై ప్లస్ పరీక్షలో నెగ్గిన సంగతి. పొరలు లేనప్పుడు గోడ పక్కన ఉండేది 5 మి.మీ. సెల్, దాని కేంద్రం 2.5 మి.మీ. ఎత్తున ఉంటుంది, ఘర్షణ వేగం 1.55 అయితే అక్కడ వై ప్లస్ దాదాపు 258. హద్దు 300 కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ తోక దగ్గర 20 మి.మీ. మందం ఉన్న బౌండరీ లేయర్‌ను ఆ మెష్ నాలుగే సెల్స్‌తో పట్టుకోవాలి. ముక్కు నుంచి 200 మి.మీ. దూరంలో బౌండరీ లేయర్ మందం 5 మి.మీ. పైచిలుకు మాత్రమే, అక్కడ దానికి దక్కేది ఒక్క సెల్. వై ప్లస్ మొదటి సెల్ ఎంత ఎత్తున ఉందో మాత్రమే చెబుతుంది, దాని మీద ఇంకెన్ని సెల్స్ ఉన్నాయో చెప్పదు. ఇది చదివినప్పుడు ఎవరికైనా తెలిసిన విషయంలాగే ఉంటుంది, నాకూ తెలుసుననే అనుకున్నాను. అయినా ఫలితాలు చూసేటప్పుడు నా కళ్లు ఆ ఒక్క అంకె కోసమే వెతికాయి.

రెండో దశలో పట్టిక శరీరం మొత్తానికి సగటున ఏడు పొరలకు పైన చూపింది. తొమ్మిది అడిగితే ఏడు రావడం తక్కువేమీ కాదని సంతోషించబోయాను. మెష్ నాణ్యతను పరీక్షించే చెక్‌మెష్ నడిపితే అది కూడా మెష్ బాగుందనే చెప్పింది. ఇక్కడ పొరలు ఎలా పుడతాయో కొంచెం చెప్పాలి. స్నాపీ ముందు పొరలు లేని మెష్‌ను తయారుచేసి, ఉపరితలానికి అతికించి, ఆ తర్వాత గోడ పక్కనున్న మెష్‌ను లోపలికి నెట్టి ఖాళీ చేసుకుంటుంది, ఆ ఖాళీలో పొరలను దూరుస్తుంది. దూర్చాక నాణ్యత చూసుకుంటుంది. ఎక్కడ సెల్స్ వంకర తిరిగాయో అక్కడ నెట్టిన దూరాన్ని తగ్గించి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఆ చోట పొరలను పూర్తిగా విరమించుకుంటుంది. అందువల్ల చివరికి మన చేతికి వచ్చే మెష్‌లో చెడ్డ సెల్స్ తక్కువగానే ఉంటాయి, కష్టమైన చోట పొరలే ఉండవు కాబట్టి. చెక్‌మెష్ ఇచ్చిన మార్కులు వెనక్కి తగ్గినందుకు వచ్చిన మార్కులు.

సగటు దాచిపెట్టినదాన్ని చూడటానికి ఒక మార్గం దొరికింది. సెట్టింగుల ఫైలులోని రైట్‌ఫ్లాగ్స్‌లో లేయర్‌ఫీల్డ్స్ అని చేర్చితే, ప్రతి ఫేసు మీద ఎన్ని పొరలు వచ్చాయో, అడిగిన మందంలో ఎంత వంతు దక్కిందో ఫైళ్లలో రాస్తుంది. మందపు వంతును, ఫలితాలను బొమ్మలుగా చూపే పారావ్యూలో రంగులుగా వేసి చూశాను; ఎరుపంటే అడిగినంతా దక్కినట్టు, నీలమంటే ఏమీ దక్కనట్టు. పైకప్పు, పక్కలు నిండు ఎరుపుగా ఉన్నాయి. వెనుక తలం చుట్టూ ఒక సెల్ వెడల్పున నీలి పట్టీ చిత్రపటానికి ఫ్రేము కట్టినట్టు ఉంది. కడుపు కింద అంతా పాలిపోయిన రంగు. కాళ్లు శరీరాన్ని కలిసే నాలుగు చోట్లా నీలి వలయాలు. అడ్డకోత చూడటానికి మామూలు స్లైస్ వాడితే సెల్స్ ముక్కలై గజిబిజిగా కనిపిస్తాయి; క్రింకిల్ క్లిప్ పెట్టుకుంటే సెల్స్ విరగకుండా కనిపిస్తాయి, పొరలు ఎక్కడ మొదలై ఎక్కడ చచ్చిపోతున్నాయో మెట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టవచ్చు.

వెనుక అంచుల సంగతి తేలిగ్గానే తేలింది. ఫీచర్‌యాంగిల్ అనే కోణం 60 డిగ్రీలుగా ఉంది. ఉపరితలం అంతకంటే ఎక్కువ మలుపు తిరిగిన చోట పొరలు ముందుకు సాగవు. పైకప్పు వాలుగా మారే అంచు దగ్గర మలుపు 25 డిగ్రీలే కాబట్టి అక్కడ పొరలు చక్కగా దాటాయి. వాలు ముగిసి వెనుక తలం మొదలయ్యే అంచు దగ్గర మలుపు 65 డిగ్రీలు. అయిదు డిగ్రీల తేడాతో అక్కడ పొరలు పోయాయి. ప్రవాహం గోడను వదిలి ఊడిపోయే అంచుల్లో అది ఒకటి కాబట్టి, అక్కడ పొరలు పోవడం మెష్ మొత్తం మీద మిగతా ఎక్కడ పోవడం కంటే కూడా చేటు. కోణాన్ని 130కి పెంచగానే ఫ్రేము లాంటి నీలి పట్టీ దాదాపు మాయమైంది.

కడుపు కింది భాగం నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది. కోణాలు మార్చాను, ప్రయత్నాల సంఖ్య పెంచాను, నాణ్యత నిబంధనలు సడలించాను, ఏదీ ఫలితమివ్వలేదు. చివరికి స్కేలు పట్టుకుని కొలిచే పనివాడిలా ఆలోచించాక విషయం బోధపడింది. శరీరానికీ నేలకూ మధ్య ఖాళీ 50 మి.మీ. నేను పై నుంచి 20.8 మి.మీ., కింద నుంచి 20.8 మి.మీ. పొరలు అడుగుతున్నాను. మధ్యలో మిగిలేది 8 మి.మీ. చిల్లర, ఆ మెష్ అంతా అక్కడికి నలిగిపోవాలి. ఇలాంటి ఇరుకుల కోసమే స్నాపీ ఎదురెదురు గోడల నడిమి రేఖను కనుక్కుని, పొరల మందానికీ ఆ రేఖ దూరానికీ ఉన్న నిష్పత్తి ఒక హద్దు దాటితే మందం తగ్గిస్తుంది. ఆ హద్దు ఫైలులో 0.3. నడిమి రేఖ 25 మి.మీ. దూరంలో ఉంది కాబట్టి 7.5 మి.మీ. వరకే అభ్యంతరం లేదు. ప్రోగ్రామ్ మొండికేస్తోందని నేను విసుక్కున్నాను గానీ, నిజానికి దాని పక్షానే న్యాయం ఉంది.

హద్దును పెంచడం సులభమే, కానీ నలిగిన సెల్స్‌తో లెక్క సాగించడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకు బదులు శరీరం ఆకారాన్ని త్రిభుజాలుగా దాచుకునే ఎస్‌టీఎల్ ఫైలును భాగాలుగా విడదీసి కడుపు, కాళ్లు, వాలు, వెనుక తలం వేటికవిగా పేర్లు పెట్టాను. కడుపుకూ నేలకూ అయిదు పొరలే అడిగాను. 1 మి.మీ.తో మొదలైతే అయిదు పొరల మొత్తం 7.44 మి.మీ.; నిష్పత్తి 0.298, హద్దుకు వెంట్రుకవాసి ఇవతల. అయిదో పొర మందం 2 మి.మీ. చిల్లర అవుతుంది కాబట్టి, కడుపు కింద సెల్స్‌ను ఇంకోసారి సగం చేసి 2.5 మి.మీ.కు తెచ్చాను. ఆ రాత్రి నడిపిన మెష్‌లో కడుపు మొదటిసారి ఎరుపెక్కింది.

కాళ్ల మొదళ్లు మాత్రం లొంగలేదు. రెండు గోడలు లంబంగా కలిసే లోపలి మూలలో, ఒకే బిందువు రెండు గోడల నుంచీ దూరం జరగాలి. ఏటవాలుగా జరిగితే రెండు వైపుల పొరలూ ఆ మూలలో ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, దానికి తోడు ఆ మూల గుండ్రంగా తిరుగుతోంది. కాళ్లకు పొరలు మూడుకు తగ్గించాను, చుట్టూ సెల్స్ చిన్నవి చేశాను. వలయాలు సన్నబడ్డాయి గానీ పోలేదు. కాళ్లను తీసేసి లెక్క చేసేవాళ్లు ఉన్నారు, నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. అయితే ప్రయోగంలో కాళ్లు ఉన్నాయి, నా కొలతలు ఆ ప్రయోగంతో పోల్చాలి. తీసేస్తే మెష్ అందంగా ఉంటుందన్న కారణం నాకు చాలలేదు.

సున్నా పొరల మెష్‌నూ ఈ మెష్‌నూ ఒకే టర్బులెన్స్ మోడల్‌తో (ప్రవాహంలోని చిన్న సుడుల ప్రభావాన్ని అంచనా వేసే సమీకరణాలతో), 1994లో ఫ్లోరియన్ మెంటర్ ప్రచురించిన కె-ఒమేగా ఎస్ఎస్‌టీతో నడిపి పోల్చాను. గాలి నిరోధాన్ని చెప్పే డ్రాగ్ గుణకంలో దశాంశ బిందువు తర్వాత రెండో అంకె మారింది, వాలు మీద ఊడిన ప్రవాహం ఆకారమూ మారింది. 25 డిగ్రీల వాలు టర్బులెన్స్ మోడళ్లకు పేరుమోసిన పరీక్ష కాబట్టి, ప్రయోగంతో మిగిలిన తేడాలో ఎంత మోడల్‌ది, ఎంత మెష్‌ది అని నేను విడదీసి చెప్పలేదు.

తర్వాత వాల్ ఫంక్షన్ మీద ఆధారపడకుండా వై ప్లస్ 1 దగ్గరకు వెళ్లాలని చూశాను. మొదటి పొర 0.02 మి.మీ. మందం ఉండాలి, అదే 1.2 నిష్పత్తితో దాదాపు 20 మి.మీ. చేరడానికి 29 పొరలు కావాలి. ఇక్కడ ఎదురైన చిక్కు పొరల సంఖ్యలో లేదు, ముక్కులో ఉంది. 100 మి.మీ. వ్యాసార్ధపు వంపును 5 మి.మీ. చదును ఫేసులతో కప్పితే, ప్రతి ఫేసు మధ్యలో అసలు వంపుకూ ఫేసుకూ ఉండే ఎడం సుమారు 0.031 మి.మీ. అంటే ఆకారంలోని తప్పే మొదటి పొర కంటే ఒకటిన్నర రెట్లు మందం. 2.5 మి.మీ. ఫేసులతో ఆ ఎడం 0.008 మి.మీ.కు దిగుతుంది. సరే, దింపాను. అయినా ముక్కు మీద పీడనం చూస్తే నిలువు చారలు కనిపించాయి. వాటిని సాల్వర్ తప్పనుకుని ఒక పూట వృథా చేశాను. చివరికి అవి ఎస్‌టీఎల్ ఫైలులోని త్రిభుజాల అంచులని తేలింది. ఆ ఫైలును ఎగుమతి చేసినప్పుడు వంపుకు నేను అనుమతించిన విచలనం 0.1 మి.మీ., నా మొదటి పొరకు అయిదు రెట్లు. మెష్ ఆ పలకలను నమ్మకంగా నకలు తీసింది. విచలనాన్ని 0.005 మి.మీ.కు తగ్గించి మళ్లీ ఎగుమతి చేశాక చారలు పోయాయి.

2.5 మి.మీ. ఫేసుల పైన 29 పొరలు వేస్తే చివరి పొర బయటి సెల్ కంటే మందమవుతుంది కాబట్టి 27 దగ్గర ఆపాను. మొత్తం 13.6 మి.మీ.; మిగిలిన బౌండరీ లేయర్‌ను పైనున్న 2.5 మి.మీ. సెల్స్‌కు వదిలాను. శరీరం ఉపరితలం 1.6 చదరపు మీటర్ల పైచిలుకు, అంటే సుమారు 2.6 లక్షల ఫేసులు. శరీరమంతటా వేస్తే పొరల్లోనే దాదాపు 70 లక్షల సెల్స్. 27 పొరలనూ ఒకేసారి అడిగితే స్నాపీ సగం చోట్ల వదిలేసింది. అందుకని 13.6 మి.మీ. మందం గల ఒకే పొరను వేయించి, దాన్ని రిఫైన్‌వాల్‌లేయర్ అనే పనిముట్టుతో 26 సార్లు చీల్చాను. ప్రతిసారీ ఒకే నిష్పత్తితో చీలిస్తే 1.2 పెరుగుదల రాదు; మొదటి చీలికలో గోడ వైపు 0.83 వంతు ఉంచాలి, చివరి చీలికలో 0.4545 వంతు, మధ్యలో క్రమంగా తగ్గుతూ పోవాలి. ఆ వరుసను ఒక చిన్న స్క్రిప్టుతో లెక్కకట్టించాను. కడుపును ఇందులో చేర్చలేదు, అక్కడ 13.6 మి.మీ.కు చోటే లేదు. దాని అయిదు పొరలు అలాగే ఉంచి, వై ప్లస్ ఎంతున్నా ఒకే సూత్రంతో పనిచేసే స్పాల్డింగ్ తరహా వాల్ ఫంక్షన్‌ను పెట్టాను.

ఇప్పుడు నా రన్ స్క్రిప్టులో మెష్‌కూ సాల్వర్‌కూ మధ్య ఒక మెట్టు అదనంగా ఉంది. లాగ్ చివరి పట్టికను చదివి, ఏ భాగంలోనైనా మందం అడిగినదానిలో 90 శాతానికి తగ్గితే అది అక్కడే ఆగిపోతుంది. కాళ్లకు మాత్రం ఆ నిబంధన పెట్టలేదు, పెడితే ఎప్పటికీ ముందుకు కదలదు. నాలుగు కాళ్ల మొదళ్లలో ఒక్కో సెల్ వెడల్పు నీలి వలయం చివరి మెష్‌లోనూ ఉండిపోయింది. నివేదికలో ఆ రంగుల బొమ్మను పెట్టి, దాని కింద పొరలు పడని ఫేసుల సంఖ్యను రాశాను.